రాయదుర్గం సరిహద్దులో కన్నడ మీడియం, తండాలో లంబాడీ, బ్యాంకులో తెలుగు: ఏ హక్కు ఏ కాగితం మీద నడుస్తుంది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. డి.హీరేహాళ్ మండలంలో ఒక ఊరు. ఇళ్లలో కన్నడం, సంతలో తెలుగు. ఊరి ప్రాథమిక బడి కన్నడ సెక్షన్‌లో 34 మంది పిల్లలు, ఒకే టీచరు. ఆయన వచ్చే ఏడు రిటైరవుతున్నారు. ఆ తర్వాత సెక్షన్ ఎత్తేస్తారని ఊర్లో మాట. పక్క తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, ఒకటో తరగతిలో నోరు విప్పరు. దీనికి తోడు ఒక బ్యాంకులో తెలుగులో నింపిన ఫారం వెనక్కిచ్చారు. చట్టంలో దారేమన్నా ఉందా, లేకుంటే పిల్లోణ్ని బళ్లారి బడిలో వేసేయడమే మేలా?

దారుంది. అయితే చాలామంది రాజ్యాంగం పేరెత్తి "మాతృభాషలో చదువు మా హక్కు" అని అర్జీ పెడతారు. చదివిన అధికారి కాదనడు, ఏమీ చెయ్యడు కూడా. మన దగ్గర భాషా హక్కు నడిచేది లెక్క మీద. ఎంతమంది పిల్లలు, ఏ తరగతిలో, అడ్మిషన్ రిజిస్టర్లో మాతృభాష గడిలో ఏం రాసుంది, జనాభా లెక్కలోళ్లకు ఇంట్లో ఏం చెప్పారు. ఈ అంకెలు తేలకుండా పైకోర్టు దాకా పోయినా మొదట అడిగేది అవే.

ముందు చట్టం ఎక్కడ గట్టిదో, ఎక్కడ వదులో చూద్దాం. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. వదులంతా ఆ "ప్రయత్నించాలి" దగ్గరే. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా బోధన మాతృభాషలో "ఆచరణలో వీలైనంత వరకు" ఉండాలంటుంది. వీలు కాలేదని ఒక్క ముక్క రాస్తే ఆఫీసు పని అయిపోయినట్టే. అందుకని ఈ రెండింటి మీదే అర్జీ నిలబెట్టకండి. పక్కన ఇంకో లెక్క పెట్టాలి.

ఆ లెక్క 1949 నాటిది. రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశంలో తేల్చారు, తర్వాత 1956లో కేంద్రం భాషా అల్పసంఖ్యాకుల రక్షణల మీద తెచ్చిన మెమొరాండంలోకీ ఎక్కింది. బడి మొత్తంలో ఆ భాష పిల్లలు 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఉంటే, ఆ భాషలో చెప్పడానికి కనీసం ఒక టీచర్ని వేయాలి. ఇది శాసనసభ చేసిన చట్టం కాదు, ప్రభుత్వాలు ఒప్పుకున్న నియమం. కానీ ఆఫీసులకు అర్థమయ్యే భాష ఇదే.

ఇప్పుడు మీ 34 మందిని తీసుకుందాం. 40 లేరు గదా అని మొదటి మాటలోనే మిమ్మల్ని పంపించేస్తారు. నియమంలో "లేదా" ఉందని అప్పుడే గుర్తు చేయాలి. తరగతివారీగా విడదీయండి. ఉదాహరణకు ఒకటిలో 4, రెండులో 7, మూడులో 11, నాలుగులో 5, ఐదులో 7 ఉన్నారనుకుందాం. మొత్తం 34. మూడో తరగతి ఒక్కటే 10 దాటింది, చాలు. అయితే ఆ 11 మంది వచ్చే ఏడు నాలుగులో, ఆపై ఏడు ఐదులో ఉంటారు, ఆ తర్వాత బడి దాటిపోతారు. అంటే ఆ బలం మీకు రెండేళ్లే. కింద ఒకటో తరగతిలో నలుగురే ఉన్నారు చూడండి, అసలు ప్రమాదం అక్కడ. ఈ జూన్‌లో ఒకటో తరగతిలో పదిమందిని చేర్చలేకపోతే మూడేళ్ల తర్వాత ఏ అర్జీ నిలబడదు. అంగన్‌వాడీలో ఉన్న పిల్లల పేర్లు, ఆటోలో ప్రైవేటు బడికి పోతున్న పిల్లల పేర్లు కూడా ఇప్పుడే రాసుకోండి.

ఎవరూ వాడుకోని సంగతి ఇంకొకటి ఆ రక్షణల్లోనే ఉంది. విద్యా సంవత్సరం మొదలవకముందే, మా పిల్లోడికి ఫలానా భాషలో చదువు కావాలని తల్లిదండ్రులు ముందస్తుగా నమోదు చేయించుకోవచ్చు. ఒక బడిలో సంఖ్య చాలకపోతే పక్క బడి పిల్లలతో కలిపి సర్దుబాటు చెయ్యాలి. మీ ఊర్లో 34 మంది, మైలు దూరంలో ఇంకో ఊర్లో 9 మంది కన్నడ పిల్లలుంటే కలిపి 43. రెండూళ్ల వాళ్లూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టండి. విడివిడిగా పెడితే రెండు ఫైళ్లవుతాయి, రెండింటి మీదా "సంఖ్య చాలదు" అని రాస్తారు.

పట్టిక ఎట్లుండాలంటే: వరుస సంఖ్య, పిల్లోడి పేరు, తండ్రి లేదా తల్లి పేరు, పుట్టిన తేదీ, తరగతి, అడ్మిషన్ నంబరు, రిజిస్టర్లో ఉన్న మాతృభాష, ఇంట్లో నిజంగా మాట్లాడే భాష, తల్లిదండ్రుల సంతకం. ఏడో గడీ ఎనిమిదో గడీ వేరువేరుగా ఎందుకంటారా? చాలా బళ్లలో పిల్లోణ్ని చేర్చుకునేటప్పుడు టీచరు అడక్కుండానే మాతృభాష దగ్గర "తెలుగు" అని నింపేస్తారు. దురుద్దేశమేమీ ఉండదు, పైన ముగ్గురికి తెలుగని రాశారు గాబట్టి నాలుగోవాడికీ తెలుగే. అదే మాట తర్వాత యూడైస్ అనే, బళ్ల వివరాలన్నీ ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదులోకి పోతుంది. జిల్లా ఆఫీసులో స్క్రీన్ మీద మీ బడి తెరిస్తే 34 మందిలో 20 మందికి మాతృభాష తెలుగని కనిపిస్తుంది. మీ అర్జీ తప్పని తేలేది అక్కడే, మీకు తెలియకుండానే. కాబట్టి అన్నిటికంటే ముందు చేయాల్సింది హెడ్మాస్టరుకి ఒక ఉత్తరం. "ఫలానా అడ్మిషన్ నంబరు పిల్లోడి మాతృభాష కన్నడం, తెలుగుగా నమోదైంది, రిజిస్టరులోనూ యూడైస్‌లోనూ సరిచేయండి" అని తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఎంతమంది పిల్లలుంటే అన్ని ఉత్తరాలు. యూడైస్ లెక్కకు ఆధార తేదీగా ఏటా సెప్టెంబరు 30ని తీసుకుంటూ వచ్చారు, ఆ లోపే పని కానివ్వండి.

ఇక అర్జీ. పెద్ద పెద్ద మాటలొద్దు. పేజీన్నర దాటనివ్వకండి. మాదిరి ఇట్లుంటే చాలు:

"మా బడి కన్నడ మాధ్యమంలో ఈ ఏడు 34 మంది చదువుతున్నారు, మూడో తరగతిలో 11 మంది. తరగతివారీ పట్టిక జత చేశాం. ఉన్న ఏకైక కన్నడ మాధ్యమ ఉపాధ్యాయులు ఫలానా తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. ఆ పోస్టును కన్నడ మాధ్యమ పోస్టుగానే ఖాళీగా చూపాలని, భర్తీ అయ్యేదాకా పక్క మండలం నుంచి కన్నడ మాధ్యమ ఉపాధ్యాయుణ్ని డిప్యుటేషన్‌పై వేయాలని, కన్నడ పాఠ్యపుస్తకాల ఇండెంటు ఆపకూడదని కోరుతున్నాం. రాజ్యాంగ అధికరణం 350ఏ, విద్యాహక్కు చట్టం సెక్షన్ 29(2)(ఎఫ్), 40/10 నియమం చూడగలరు."

ఇందులో ప్రాణమంతా "కన్నడ మాధ్యమ పోస్టుగానే ఖాళీగా చూపాలి" అన్న ముక్కలో ఉంది. టీచరు రిటైరైన మరుసటి నెల నుంచీ పోస్టు అక్కడే ఉంటుందనుకోకండి. రేషనలైజేషన్ వచ్చినప్పుడు పిల్లల సంఖ్య చూసి పోస్టును ఇంకో బడికి మార్చొచ్చు, లేదా మామూలు ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టుగా లెక్కలో కలిపేయొచ్చు. ఖాళీల పట్టికలో కన్నడం అన్న మాట లేకపోతే డీఎస్సీ నోటిఫికేషన్లో కన్నడ మీడియం పోస్టు రాదు. పోస్టు వచ్చినా తలనొప్పి తప్పదు, రోస్టరు (రిజర్వేషన్ల వరుస) ప్రకారం ఒక వర్గానికి కేటాయించిన పోస్టుకు కన్నడ మీడియంలో చదివి టెట్ పాసైన ఆ వర్గం అభ్యర్థి దొరక్కపోవచ్చు. కర్నూలు, కడపల్లో ఉర్దూ మీడియం పోస్టులు ఏళ్లతరబడి ఖాళీగా మిగలడానికి పెద్ద కారణం ఇదే. దీన్ని డీఈఓ తేల్చలేడు, ప్రభుత్వ స్థాయిలో రోస్టరు సడలింపు కావాలి. అందుకే అర్జీలో డిప్యుటేషన్ అని కూడా అడగాలి. అది జిల్లాలోనే అయ్యే పని.

అర్జీ హెడ్మాస్టరు, ఎంఈఓ, డీఈఓ ముగ్గురికీ ఒకేసారి ఇవ్వండి. మొదట కిందోళ్లకు, వాళ్లు చెయ్యకపోతే పైవాళ్లకు అనే మర్యాద ఇక్కడ పనికిరాదు, ఏడు గడిచిపోతుంది. రెండో ప్రతి మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే "పెట్టిపోండి, చూస్తాం" అంటారు. అప్పుడు గొడవ పడకుండా స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చేటప్పుడు అర్జీ నంబరు ఇస్తారు, ఫోనుకు మెసేజి వస్తుంది. అక్కడ జరిగే మోసం ఒకటుంది. అర్జీ కింది ఆఫీసుకు పోతుంది, వాళ్లు "నిబంధనల ప్రకారం చర్య తీసుకుంటాం" అని ఎండార్స్‌మెంట్ రాసి, పరిష్కారమైనట్టు చూపి మూసేస్తారు. మూసేసిన కాగితం మీద మీరు అడిగిన మూడు కోరికల్లో దేనికీ జవాబు లేకపోతే, తిరిగి తెరవమని అదే నంబరు వేసి రాయండి. కొత్త అర్జీ పెడితే పాతది పరిష్కారమైనట్టే మిగిలిపోతుంది.

కాలం విషయంలో ఒక్క మాట. జూన్లో బడి తెరిచాక లేచేవాళ్లు ఒక ఏడు పోగొట్టుకుంటారు. పుస్తకాల ఇండెంటు, బదిలీలు, పోస్టుల సర్దుబాటు అన్నీ వేసవి ముగిసేలోపే కాగితాల మీద అయిపోతాయి. జనవరి, ఫిబ్రవరిల్లో అర్జీ లోపలుండాలి.

జవాబు రాకపోతే సమాచార హక్కు. దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు, ఆ ప్రాంత అధికార భాషలో తీసుకోవాలని 2005 చట్టం 6వ సెక్షనే చెబుతుంది. గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖ దిగువన ఉన్న కుటుంబానికి రుసుమే లేదు, రేషన్ కార్డు నకలు జతచేస్తే సరి. ఏం అడగాలన్నదే ముఖ్యం. "కన్నడ మీడియం ఎందుకు ఎత్తేస్తున్నారు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకన్నది రికార్డు కాదు. ఇట్లడగండి: మండలంలో కన్నడ మాధ్యమంలో మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు, ఖాళీలు ఏ తేదీ నుంచి, గత మూడేళ్ల తరగతివారీ విద్యార్థుల సంఖ్య, కన్నడ పాఠ్యపుస్తకాల ఇండెంటు నకలు, సెక్షన్ విలీనం మీద ఫైలు ఉంటే నోట్‌ఫైలుతో సహా నకలు. గడువు 30 రోజులు. రాకుంటే మొదటి అప్పీలు ఇంకో 30 రోజుల్లోపు, రెండోది సమాచార కమిషన్‌కు 90 రోజుల్లోపు. ఒక చిక్కు గుర్తుంచుకోండి. మీరు తెలుగులో అడిగినంత మాత్రాన వాళ్ల ఇంగ్లీషు ఫైలును తెలుగులోకి మార్చి ఇవ్వాలని చట్టంలో లేదు. ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే నకలు వస్తుంది.

ఆపైన ఢిల్లీలో భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు ఉన్నారు. రాజ్యాంగం 350బీ కింద 1957లో ఏర్పాటైన కార్యాలయం, ఇప్పుడు అల్పసంఖ్యాక వ్యవహారాల శాఖ కింద ఉంది. ఆయనకు ఆజ్ఞాపించే అధికారం లేదు. రాష్ట్రాన్ని వివరణ అడుగుతారు, రాష్ట్రపతికి నివేదిక ఇస్తారు, అది పార్లమెంటు ముందుకు పోతుంది. చేసేది తక్కువే గానీ, ఢిల్లీ నుంచి వివరణ కోరుతూ ఉత్తరం వచ్చిన ఫైలు జిల్లాలో అడుగుకు పోదు. 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. కన్నడంలో రాసినా చెల్లుతుంది. పని తొందరగా జరగాలంటే మాత్రం ఇంగ్లీషులో అరపేజీ సారాంశం పైన పెట్టండి. సిద్ధాంతం వేరు, తపాలా విప్పే గుమస్తా వేరు.

పైతరగతుల గురించి అడగలేదు గానీ చెప్పడం మంచిది. పదో తరగతి పరీక్ష కన్నడ మాధ్యమంలో రాయొచ్చు. నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పోయేటప్పుడు మాధ్యమం గడి, ప్రథమ భాష గడి రెండూ వేరువేరుగా చూడండి. ఒకటి సరిగ్గా ఉండి రెండోది పాత మూసలో "తెలుగు" అని పడితే, పరీక్ష రోజు పిల్లోడి ముందుకు వేరే ప్రశ్నపత్రం వస్తుంది. హాల్‌టికెట్ వచ్చిన రోజే చూసుకోవాలి, పరీక్ష రోజు కాదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ప్రభుత్వం ఎత్తేయకపోయినా, తల్లిదండ్రులే ఇంగ్లీషు మీడియం కావాలంటే సెక్షన్ తనంతట తానే ఖాళీ అవుతుంది. మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం బలవంతం చేయలేదని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర బళ్లన్నింటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ 2019 నవంబరులో వచ్చిన 81, 85 నంబరు జీవోలను 2020 ఏప్రిల్లో రాష్ట్ర హైకోర్టు కొట్టేసింది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంపిక పిల్లలది, తల్లిదండ్రులదే. అందువల్ల "మాకు ఈ మాధ్యమమే కావాలి" అన్న మీ సంతకం ఉన్న కాగితానికి మీరనుకున్నదానికంటే బరువుంది. ఆ సంతకం పెట్టినోళ్లే జూన్లో ప్రైవేటు బడి ఆటో ఎక్కిస్తే మాత్రం పట్టికకు విలువ పోతుంది.

తండా సంగతికొద్దాం. ఇది కన్నడం కంటే కష్టం. కన్నడానికి పుస్తకాలున్నాయి, పరీక్ష ఉంది, పక్కనే ఒక రాష్ట్రముంది. లంబాడీకి ఇవేవీ లేవు, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో ఎనిమిది గిరిజన భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి, వాటిలో బంజారా ఒకటి. అయితే మన అనంతపురం, కర్నూలు తండాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో (గిరిజన ప్రాంతంగా ప్రకటించిన ఏజెన్సీలో) లేవు. సీమ జిల్లాల్లో అసలు షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉన్నది నల్లమల చెంచుల కోసం. ఏజెన్సీని దృష్టిలో పెట్టుకుని వచ్చే పథకం గుత్తి, కదిరి వైపు తండాల దాకా రాకపోవడానికి మూలం ఇది. అడిగేటప్పుడు "గిరిజన ప్రాంతం" అనకుండా "గిరిజన పిల్లలు ఇంతమంది" అని అడగండి. ప్రాంతం అంటే మీ ఊరు పట్టికలో ఉండదు.

పిల్లలు నోరు విప్పకపోవడానికి కారణం గోడ మీది చార్టులోనే ఉంది. "అ" పక్కన అమ్మ బొమ్మ. ఆ పిల్లకు ఆ బొమ్మ యాడి. నీళ్లు పాణి, రొట్టె బాటి. బొమ్మ చూసి తను అనే మాట వేరే అక్షరంతో మొదలవుతుంది, టీచరు తప్పంటాడు. నాలుగు రోజులు తప్పనిపించుకున్న పిల్ల ఐదో రోజు నోరు కట్టేసుకుంటుంది. తెలివి తక్కువై కాదు. దీనికి జీవో అక్కర్లేదు. టీచరూ తండాలో పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయీ కూర్చుని, బడిలో రోజూ వాడే ఒక రెండొందల మాటల్ని రెండు వరుసల్లో రాసుకోవాలి, తెలుగొకటి, లంబాడీ ఒకటి, రెండూ తెలుగు లిపిలోనే. మొదటి ఆరు వారాలు కథ, లెక్క, ఆట అన్నీ లంబాడీలో చెప్పి తెలుగు మాట పక్కన అందించాలి. అక్షరాలు నేర్పేటప్పుడు రెండు భాషల్లోనూ ఒకే మాట ఉన్న వస్తువులతో మొదలుపెట్టాలి. పిల్లలు ఇంటి భాష మరిచిపోవడమే చదువనుకునే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు వాదన కంటే ఈ పట్టికే పనికొస్తుంది.

తండాకు అంతకంటే పెద్ద పని జనాభా లెక్కల్లో ఉంది. 2011 లెక్కల్లో లమాణీ/లంబాడీ మాతృభాషగా చెప్పినవాళ్లు దేశం మొత్తమ్మీద 32 లక్షలకు పైగా. వాళ్లందర్నీ హిందీ కింద కలిపేశారు. బంజారీ అని చెప్పినవాళ్లు ఇంకో 15 లక్షలకు పైగా, వేరే వరుసలో, అదీ హిందీ కిందే. పేరు రెండుగా చీలింది, రెండూ మరో భాష ఖాతాలో పడ్డాయి. అప్పుడు జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వాటిని సర్ది, 10,000 మందికి తగ్గనివాటినే విడిగా చూపారు, మిగతావి "ఇతరములు"లో పోయాయి. ఎరుకల వాళ్ల కుర్రు లాంటి భాషలకు ఇది ఇంకా పెద్ద ప్రమాదం, ఎందుకంటే చెప్పేవాళ్లే కొద్దిమంది.

రాబోయే లెక్కలకు ఆధార తేదీ 2027 మార్చి 1. ఇళ్ల జాబితా దశలో భాష అడగరు, మనుషుల్ని లెక్కపెట్టే దశలో అడుగుతారు. 2011 ఫారంలో మాతృభాష పదో ప్రశ్న, తెలిసిన ఇతర భాషలు పదకొండోది, రెండు దాకా రాయొచ్చు. మాతృభాషంటే చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. బడి భాష కాదు, రాయగలిగిన భాష కాదు. తెలుగు బాగా వచ్చుగదా అని ఎన్యూమరేటరు తెలుగే రాస్తాడు. అట్లా రాస్తే, తెలుగు, కన్నడం పదకొండో దాంట్లో వేసుకోండయ్యా అని చెప్పాలి. ఎస్టీ గడిలో సుగాలి (లంబాడీలకు ఇంకో పేరు) అని రాసినంత మాత్రాన భాష గడి దానంతటది నిండదు, అది కులం, ఇది భాష. తండా అంతా ఒకే పేరు చెప్పాలి. ఒక ఇల్లు సుగాలి, ఒక ఇల్లు లంబాడీ, ఇంకో ఇల్లు బంజారా, చదువుకున్న పిల్లోడు గోర్ బోలి అంటే నాలుగు చిన్న అంకెలవుతాయి. ఏ పేరన్నది మీ పెద్దలు తేల్చుకోవాల్సిన సంగతి. గుత్తి దగ్గర సేవాగఢ్‌లో ఏటా ఫిబ్రవరిలో తండాలన్నీ కూడతాయి, అక్కడ మాట్లాడుకుంటే సరిపోతుంది.

ఈ అంకెలు కన్నడ ఊళ్లకూ అంతే అవసరం. తాలూకా లేదా మున్సిపాలిటీ స్థాయిలో 15 నుంచి 20 శాతం మంది ఒక భాష మాట్లాడితే, ముఖ్యమైన నోటీసులు, నిబంధనలు ఆ భాషలోనూ వేయాలన్నది భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లోనే ఉంది. జిల్లాలో 60 శాతం దాటితే అదనపు అధికార భాషగా గుర్తించొచ్చు, అయితే సరిహద్దు మండలాల బలం జిల్లా మొత్తమ్మీద పలచబడిపోతుంది గాబట్టి ఆ ఆశ పెట్టుకోకండి. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. గీత ఎటు గీసినా అటొక భాష ఇటొక భాష మిగులుతాయని అప్పుడే తెలుసు, ఈ రక్షణలు ఉన్నది అట్లాంటి ఊళ్ల కోసమే.

ఉర్దూకు ఈ తిప్పలు కొంత తక్కువ. 1966 అధికార భాషా చట్టంలో తెలుగుతో పాటు ఉర్దూనో మరో భాషనో ఫలానా ప్రాంతంలో ఫలానా పనులకు వాడమని ప్రభుత్వం నోటిఫై చేసే వీలు మొదటి నుంచీ ఉంది. 2022 సవరణతో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషయింది. కన్నడానికి కూడా ఆ "మరో భాష" అన్న తలుపు తెరిచే ఉంది. ఐదారు సరిహద్దు మండలాల పంచాయతీలు తీర్మానాలు చేసి పంపితే, జిల్లా అంతా కాకుండా ఆ మండలాల వరకే అడగొచ్చు.

బ్యాంకు విషయం సులువు. ఖాతాదారులు వాడే ఫారాలు హిందీ, ఇంగ్లీషుతో పాటు ప్రాంతీయ భాషలోనూ ఉంచాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. చెక్కు కూడా తెలుగులో రాయొచ్చు. పేరు తెలుగులో, "ఆరు వేల అయిదు వందల రూపాయలు మాత్రమే" అని తెలుగు అక్షరాల్లో రాసి సంతకం తెలుగులో పెడితే చెల్లే చెక్కే. సంతకం మాత్రం ఖాతా తెరిచినప్పటిలాగే ఉండాలి. ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే, భాష దగ్గర కాదు. ఫారం వెనక్కిచ్చినప్పుడు ఏ కారణంతో ఇస్తున్నారో ఫారం మీదే రాసివ్వమనండి. పదింట తొమ్మిదిసార్లు రాయడానికి ఇష్టపడక తీసుకుంటారు. అప్పటికీ తీసుకోకుంటే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు, 30 రోజుల్లో జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. 14448కి ఫోను చేస్తే దారి చెబుతారు. ఒకచోట మాత్రం జాగ్రత్త. అప్పు పత్రమో బీమా ప్రతిపాదనో ఇంగ్లీషులో ఉండి మీరు తెలుగులో సంతకం పెడితే, "విషయమంతా నాకు తెలుగులో వివరించారు, అర్థమైంది" అనే ధ్రువీకరణ మీద ఇంకో సంతకం అడుగుతారు. నిజంగా వివరించాకే పెట్టండి. తర్వాత తగవొస్తే ఆ ఒక్క లైను మీకు అడ్డం తిరుగుతుంది.

చివరగా బళ్లారి. పిల్లోణ్ని అక్కడ చేర్చేముందు రాజ్యాంగం 371డీ కింద స్థానికుల ఉద్యోగాలు, సీట్ల మీద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ స్థానిక అభ్యర్థి కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఇక్కడే చదివుండాలి. జిల్లా స్థాయి ఉద్యోగాలకు నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు చూస్తూ వచ్చారు, ఇంటర్ తర్వాత సీట్లకు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా లెక్క. ఐదు నుంచి పది దాకా బళ్లారిలో చదివినవాడు ఇక్కడ స్థానికేతరుడవుతాడు. అక్కడా బళ్లారికి 371జే కింద వేరే స్థానికత ఉంది, మీ ఇల్లు ఆంధ్రలో ఉండగా అది దక్కడం కష్టం. రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. తప్పనిసరైతే ఐదు దాకా అక్కడ చదివించి ఆరో తరగతికల్లా ఇక్కడి ఉన్నత పాఠశాలకు తెచ్చేయండి. టీసీ, స్టడీ సర్టిఫికెట్ కన్నడంలోనే ఇస్తారు గాబట్టి, వచ్చేటప్పుడే వాటికి తెలుగులోనో ఇంగ్లీషులోనో తర్జుమా రాయించి, అదే బడి హెడ్మాస్టరు సంతకం, ముద్ర వేయించుకుని రండి. పదేళ్ల తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు ఆ సంతకం కోసం పోతే ఆ హెడ్మాస్టరు అక్కడ ఉండడు.